పని లేని శుక్రవారం

మా సంఘం పుస్తకానికి ఎర్ర గుడ్డ అట్ట. పాత కిరాణా సేఠులు లెక్కలు రాసుకునే బహీలాగా పొడుగ్గా ఉంటుంది. ఎడమ పేజీలో తేదీ, వచ్చినవాళ్ల సంతకాలు. కుడి పేజీలో ఆ రాత్రి మాట్లాడుకున్న సంగతులు. సంతకాల్లో తెలుగు ఉంది, ఉర్దూ ఉంది, శాలిబండ మరాఠీవాళ్ల నాగరి ఉంది, పాత పేజీల్లో రెండు వేలిముద్రలూ ఉన్నాయి. పద్దెనిమిదేళ్లుగా కుడి పేజీ రాసేది నేనే. చలివేంద్రం ఖర్చు, బడిపిల్లల నోటుపుస్తకాలు, రక్తదానం, ఒక ముసలామె దహనానికి ఇచ్చిన డబ్బు, అన్నీ అందులో ఉంటాయి. అయితే పేజీలు తిప్పుతూ పోతే అన్నిటికంటే ఎక్కువసార్లు కనబడే మాట వేరు: "విషయం ఏమీ లేదు. చాయ్ తాగి పోయినం."

నెల కిందట కొత్తగా చేరిన పిల్లవాడొకడు ఈ మాట చూశాడు. ఇరవై రెండేళ్లవాడు, బండి మీద ఇంటింటికీ సామాన్లు చేరవేసే పని. పుస్తకం అటూ ఇటూ తిప్పి, "అన్నా, ఏం విషయం లేనప్పుడు ఎందుకు కలుసుడు? గ్రూపుల మెసేజ్ పెడ్తే అయిపోతది గద" అన్నాడు. ఎగతాళిగా అనలేదు, నిజంగానే అడిగాడు. మా పెద్దమనిషి, రిటైరైన తెలుగు పంతులుగారు, "కూసో తమ్మీ, ముందుగాల చాయ్ తాగు" అని ఊరుకున్నారు. నాకూ ఆ రాత్రి జవాబు తోచలేదు. అప్పటి నుంచీ అదే ఆలోచిస్తున్నాను.

మేం కలిసేది లాల్‌దర్వాజా మోడ్ నుంచి అమ్మవారి గుడి దిక్కు పోయే ఒక గల్లీలో, సభ్యుడి ఇంటి మీది గదిలో. ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకు ఒరిగి దారివ్వాల్సిన మెట్లు. గదిలో ఒక శతరంజి, రెండు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక ట్యూబులైటు. కుర్చీలు మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు, మిగతా అందరూ కిందే. కొందరి దుకాణాలకు శుక్రవారం సెలవు కాబట్టి శుక్రవారం రాత్రి ఎనిమిదిన్నర మాకు కుదిరిన సమయం. తీగ స్టాండులో గ్లాసులు, కెటిల్‌లో చాయ్ వస్తాయి. చాయ్ ఖర్చు వంతులవారీగా సభ్యుల జేబులోదే. చందా పైసతో చాయ్ తాగొద్దన్నది సంఘం పెట్టినవాళ్లు పుస్తకం మొదటి పేజీలో రాసిన మొదటి నియమం. రెండో నియమం, చెప్పకుండా రాకపోతే పది రూపాయల జుర్మానా. మూడో నియమం నాకు అన్నిటికంటే ఇష్టమైంది. వరుసగా రెండు శుక్రవారాలు ఎవరైనా రాకపోతే, మూడో వారం రాకముందే ఇద్దరు వాళ్ల ఇంటికి పోయి చూసి రావాలి.

సేవాసంఘం అనగానే అందరూ సేవనే చూస్తారు. అన్నం పొట్లాలు, దుప్పట్లు, బ్యానరు ముందు ఫోటో. ఆ వెనకాల వారం వారం ఒక గదిలో కూచోవడం ఒకటి ఉంటుందనీ, అది లేకపోతే ఇది లేదనీ బయటివాళ్లకు కనబడదు. లోపలివాళ్లమూ మరిచిపోతుంటాం.

రోటరీ క్లబ్బు కథ చదివినప్పుడు నాకీ సంగతి బాగా పట్టింది. 1905 ఫిబ్రవరి 23న చికాగోలో పాల్ హారిస్ అనే వకీలు మరో ముగ్గురితో కలిసి కూచున్నాడు. ఒకాయన బొగ్గు వ్యాపారి, ఒకాయన గనుల ఇంజినీరు, ఒకాయన దర్జీ. హారిస్ వెర్మాంట్‌లోని ఒక చిన్న ఊళ్లో, తాత నాయనమ్మల దగ్గర పెరిగినవాడు. చికాగోలో పని దొరికింది, పరిచయాలూ దొరికాయి, దోస్తులు మాత్రం లేరు. ఊళ్లోలాగా ఒకరి గడప ఒకరు తొక్కే మనుషులు కావాలనిపించి ఆ నలుగురూ కలిశారు. ఒకసారి ఒకరి ఆఫీసులో, ఇంకోసారి ఇంకొకరి ఆఫీసులో వంతులు తిరుగుతూ కలిసేవాళ్లు కాబట్టే ఆ పేరు వచ్చింది. మొదటి రోజు వాళ్ల ముందు సేవా కార్యక్రమం ఏదీ లేదు. నగరంలో అందరికీ పనికొచ్చే మరుగుదొడ్లు కట్టించాలని వాళ్లు పట్టుబట్టింది 1907లో. అంటే రెండేళ్లపాటు కలవడమే పని. ఇవాళ ఆ సంస్థ పేరు చెబితే పోలియో గుర్తొస్తుంది. 1985లో పోలియో మీద పని మొదలుపెట్టి దశాబ్దాల తరబడి వదల్లేదు. మన దేశానికి పోలియో లేదన్న ధ్రువీకరణ 2014 మార్చిలో వచ్చింది. ఇంటింటికీ తిరిగి చుక్కలు వేసిన కార్యకర్తల్లో పాతబస్తీ గల్లీల్లో మెట్లు ఎక్కి దిగినవాళ్లూ ఉన్నారు. అంత పెద్ద పనికి మొదలు నలుగురు ఒంటరి మనుషులు ఒక గదిలో కూచోవడమే.

అదంతా అమెరికా సంగతి కదా అనుకోనక్కర్లేదు. సరిగ్గా రోటరీ పుట్టిన మరుసటి ఏడు, 1906లో, మన హైదరాబాదులోనే భాగ్యరెడ్డి వర్మ ఒక సంఘం పెట్టారు. అప్పటికి ఆయన వయసు పద్దెనిమిదేళ్లు. అంటరానివాళ్లంటూ ఊరు దూరం పెట్టిన జనం కోసం పెట్టిన ఆ సంఘానికి ఆయన ఎంచుకున్న పేరు జగన్మిత్ర మండలి. ఆ పేరు పలికిన ప్రతిసారీ నాకు ఒళ్లు జలదరిస్తుంది. దూరం పెట్టినవాళ్ల మధ్య నిలబడి లోకానికే మిత్రులం అనుకున్నారు. ముందు జనాన్ని ఒకచోట కూర్చోబెట్టారు. హరికథలు చెప్పించారు. చదువు రానివాళ్లకు వినడం వచ్చు కాబట్టి వినడంతోనే మొదలుపెట్టారు. 1910లో ఇసామియా బజారులో, లింగంపల్లిలో బడులు తెరిచారు. 1911లో ఆ మండలే మాన్య సంఘం అయింది. తాగుడు మీద, బాల్యవివాహాల మీద, ఆడపిల్లల్ని దేవుడి పేరుతో వదిలేసే ఆచారం మీద పోరాటాలు నడిచాయి. హరికథ విన్న రాత్రులు లేకపోతే బడికి పిల్లల్ని ఎవరు పంపేవారు? ఆ చాప మీద పక్కపక్కన కూచున్న పరిచయమే ఆ తల్లిదండ్రులకు ధైర్యం ఇచ్చిందని నా నమ్మకం.

1921 నవంబరులో ఇదే హైదరాబాదులో ఇంకొకటి జరిగింది. వివేకవర్ధినిలో సంఘసంస్కరణ సభ, సంస్కర్త కార్వే అధ్యక్షత. వకీలు ఆలంపల్లి వెంకటరామారావు లేచి తెలుగులో మాట్లాడబోతే సభలో అల్లరి చేసి మాట్లాడనివ్వలేదు. ఆ రాత్రే పదిమంది చిల్లర టేకుమాల రంగారావు ఇంట్లో చేరారు. తెలుగువాళ్ల కోసం ఆంధ్ర జన సంఘం అక్కడ పుట్టింది. తొమ్మిదేళ్లకు జోగిపేటలో ఆంధ్ర మహాసభ దాకా ఆ దారి పోయింది. పెద్ద సభలో నోరు మూయించిన మాటకు చిన్న గదిలో చోటు దొరికింది.

అన్ని గదులూ ఇట్లా ఉండవు. వేదిక మీద ఎవరి కుర్చీ ఎక్కడన్న పేచీతో చీలిపోయిన సంఘాలు నాకు తెలుసు. శాలువాలు కప్పడానికే సరిపోయే మీటింగులు చూశాను. ఆ గంట కూచోవడం కంటే ఇంట్లో పిల్లలతో ఉండడం మేలు. మా గదిలో వేదిక లేకపోవడం, అందరం ఒకే శతరంజి మీద ఉండడం, పెట్టినవాళ్లు ముందుచూపుతో చేసిన పని. ఎదురుగా ఉన్న మనిషి మొహం చూడకుండా ఉండలేనంత చిన్న గది అది.

ఆ మొహాలు చూసుకోవడం ఎందుకు పనికొస్తుందో తెలియాలంటే ఆషాఢంలో మా బస్తీకి రావాలి. గోల్కొండలో మొదలైన బోనాలు, సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి దగ్గర సాగి, మా సింహవాహిని అమ్మవారి దగ్గరికి వస్తాయి. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమంది కొట్టుకుపోయినప్పుడు, దివాను మహారాజా కిషన్ పర్షాద్ మాట మీద నిజాం మహబూబ్ అలీఖాన్ ఈ అమ్మవారికి మొక్కి, పసుపు కుంకుమలు, ముత్యాలు ఏటికి సమర్పిస్తే వరద తీసిందని మా పెద్దలు చెప్పుకుంటారు. తురక దొర, హిందూ దేవత అని ఆ కథను విడదీసి చెప్పినవాళ్లను నేను మా గల్లీలో చూడలేదు. ఊరికి కష్టమొస్తే అందరూ ఒక్కచోటికి వచ్చారు, అంతే.

బోనాల ఆదివారం ఆ గల్లీల్లో ఇసుక వేస్తే రాలదు. నెత్తిన బోనం, చేతిలో వేపమండలు, చెప్పుల్లేని కాళ్లతో ఆడవాళ్లు గంటల తరబడి వరసలో నిలబడతారు. వాన లేకపోతే రోడ్డు కాలుతుంది. మా పని ఆ రోడ్డు మీద నీళ్లు చల్లడం, తాగడానికి నీళ్లివ్వడం, తప్పిపోయిన పిల్లల్ని ఒకచోట కూచోబెట్టి తల్లిదండ్రుల్ని వెతకడం. దీనికోసం ముందు శుక్రవారం ఎవరెక్కడ నిలబడాలో అనుకుంటాం. బయటివాడు వింటే అరగంటలో తేలే ముచ్చట అనిపిస్తుంది. కానీ కండక్టర్ అన్నకు మోకాళ్లు పట్టేస్తాయని, ఆయన అడగడని, అరుగున్న ఇంటి ముందు ఆయన్ని పెట్టాలని మాకు తెలుసు. కుమ్మరి అన్నకు ఆ రోజు పొద్దున పదింటి దాకా ఘటాల బేరం ఉంటుంది, పన్నెండు దాటాకే పిలవాలి. కాంపౌండర్ తమ్ముడికి ఓపిక ఎక్కువ, ఏడ్చే పిల్లలు ఆయన దగ్గరే ఊరుకుంటారు. పంతులుగారికి షుగరు, మధ్యాహ్నం ఒంటిగంటకు ఎవరో ఒకరు గుర్తుచేయకపోతే ఆయన తినరు. ఇవన్నీ ఏ తీర్మానంలో రాసుకున్నాం? ఎక్కడా రాసుకోలేదు. విషయం లేని శుక్రవారాల్లో, గ్లాసు చేతిలో పట్టుకుని ఏదో మాట్లాడుతుంటే వచ్చి చేరినవే.

2020 మార్చి 13 శుక్రవారం మా పుస్తకంలో ఒక వరసకు చివరి తేదీ. ఆ తర్వాత లాక్‌డౌన్. గదికి తాళం. ఫోన్‌లో గ్రూపు పెట్టుకున్నాం. అక్టోబరు 13 రాత్రి నగరం మీద పడిన వాన మీకందరికీ గుర్తుండే ఉంటుంది. ఛత్రినాక, ఉప్పుగూడ దిక్కు గల్లీల్లో నీళ్లు ఇళ్లలోకి వచ్చాయి. మాకు కరెంటు పోయింది, ఫోన్లు ఒకటొకటే ఆగిపోయాయి. ఏడు నెలలుగా ఎవరూ ఎక్కని ఆ మెట్లు ఎక్కి రాత్రి పదింటికి నేను గది దగ్గరికి పోతే, అప్పటికే ఆరుగురు ఉన్నారు. తర్వాత ఇంకో ఇద్దరు వచ్చారు. ఎవరూ ఎవర్నీ పిలవలేదు. ఒకరు నిచ్చెన తెచ్చారు, ఒకరు మోకు తెచ్చారు. మిఠాయి దుకాణం అన్న చెప్పకముందే భట్టీ వెలిగించి ఖిచిడీకి ఎసరు పెట్టాడు.

అప్పుడు కుమ్మరి అన్న అన్న మాట నాకిప్పటికీ వినబడుతుంది. "ఛత్రినాకల మన తాళాలాయన వదినె తల్లి మంచంల ఉంటది, లేవలేదు. ముందుగాల ఆడికి పోవాలె." అంతకు మూడేళ్ల ముందు ఎప్పుడో, తాళాల దుకాణం అన్న ఒక రాత్రి తన ఇంటి గోడు చెప్పుకున్నాడు. పక్షవాతం వచ్చిన ముసలామె, చూసుకోలేక సతమతమయ్యే వదిన. మేం చేయగలిగిందేమీ లేక విన్నాం. నడుముల దాకా నీళ్లలో పోయి ఆమెను మంచంతో సహా మోసుకుని పక్కింటి మిద్దె ఎక్కించారు. నాలుగు రోజులకు మళ్లీ వానపడి గుర్రం చెరువు కట్ట తెగిందన్నప్పుడు కూడా ఆ ఇంట్లో భయం లేదు, ఆమెను అప్పటికే ఎత్తుమీద ఉన్న ఇంటికి చేర్చాం. తర్వాత నేను పుస్తకం వెతికాను. ఆ గోడు చెప్పుకున్న రాత్రి కుడి పేజీలో నా చేతిరాతతో ఉన్నది ఆ ఒక్క మాటే: విషయం ఏమీ లేదు, చాయ్ తాగి పోయినం.

ఇంతవరకు చెప్పి ఆపేస్తే బాగుండేది. కానీ తర్వాత మేం చేసిన తప్పు కూడా చెప్పాలి.

వరద పని అయ్యాక మాకు ఫోన్ మీద నమ్మకం పెరిగింది. బియ్యం ఎవరికివ్వాలన్నా, డబ్బు ఎంత జమైందన్నా గ్రూపులోనే తేలిపోయేది. ఆంక్షలు పోయాయి, బడులు తెరిచారు, పెళ్లిళ్లు అవుతున్నాయి, మా గది తాళం మాత్రం తీయలేదు. "వచ్చే నెల నుంచి కలుద్దాం" అని నేనే రెండుసార్లు రాశాను. ఫోన్‌లో అందరూ రోజూ హాజరే. అందరూ హాజరైతే ఇక ఎవరింటికి పోయి చూడాలి? మూడో నియమం అట్లా మాయమైంది.

మా సభ్యుల్లో ఒక దర్జీ చాచా ఉన్నాడు. డెబ్భై దాటినవాడు. మా ఇళ్లలో మూడు తరాల ఆడవాళ్ల జాకెట్లు ఆయన కుట్టినవే. బోనాల ముందు పదిహేను రోజులు ఆయన మిషన్ రాత్రి ఒంటిగంట దాకా ఆగదు. గ్రూపులో చాచా నంబరు నుంచి రోజూ పొద్దున్నే ఒక గులాబీ బొమ్మ, శుభోదయం వచ్చేది. నేను చేతులు జోడించిన బొమ్మ పెట్టేవాణ్ని. సంవత్సరం పైగా అట్లా నడిచింది.

2022 బోనాలకు మా అమ్మాయి జాకెట్ గుడ్డ తీసుకుని పోతే దుకాణం మూసి ఉంది. పక్క పాన్ డబ్బా అబ్బాయి, "చాచా తీస్తలేడు అన్నా, చానా రోజులాయె" అన్నాడు. ఇంటికి పోయాను. గుమ్మంలో కుర్చీ వేసుకుని కూచున్నాడు. నేను ఎదురుగా నిలబడితే తల పూర్తిగా పక్కకు తిప్పి, ఒక మూల నుంచి చూస్తున్నట్టు చూశాడు. సలాం అనగానే గొంతు గుర్తుపట్టేశాడు. మొహమంతా నవ్వు. "ఏం బేటా, శుక్రవారం అయిందా?" అన్నాడు.

నీటికాసులు. నొప్పి లేకుండా, ఎర్రబడకుండా, చూపును అంచుల నుంచి కొంచెం కొంచెంగా తినేసే జబ్బు. పోయిన చూపు తిరిగి రాదు, మిగిలింది కాపాడుకోవచ్చునని కంటి డాక్టరు చెప్పారు. కుడి కన్ను అప్పటికే పోయింది. ఎడమ కంటిని చుక్కల మందుతో నిలబెట్టారు. సూదిలో దారం ఎక్కకపోతే వయసు మీద పడిందనుకుని చాచా దుకాణం మూశాడట. గులాబీ బొమ్మలు ఆయన పంపినవి కావు. మనవడు పొద్దున్నే తాత ఫోన్ తీసి అన్ని గ్రూపులకూ పంపేవాడు.

ఆ రాత్రి నేను ఒక్కణ్నే గది తాళం తీసి పుస్తకం తెరిచాను. చాచా ఉర్దూ సంతకం పూసలు గుచ్చినట్టు ఉండేది. గీత మీద సరిగ్గా కూచునేది. 2019 చలికాలం నుంచి అది గీత కిందికి జారడం మొదలైంది. జనవరిలో పక్కవాడి సంతకం మీదికి పోయింది. మార్చి 13న అయితే పేజీ అంచు దాటి అట్ట మీద ముగిసింది. అప్పుడు మేమందరం అక్కడే ఉన్నాం. అదే శతరంజి మీద, అదే ట్యూబులైటు కింద. పుస్తకం ఆయన నుంచి తీసుకుని తర్వాతివాడికి అందించింది నేనే. కలవడం ఒక్కటే చాలదు. కలిసినప్పుడు చూడాలి. ఆ చూపు నాకు ఆ రోజు లేకపోయింది. దానికి ఎవరి మీదా నెపం వేయలేను.

మరుసటి శుక్రవారం నుంచి మళ్లీ కూచుంటున్నాం. చాచాను కాంపౌండర్ తమ్ముడు చెయ్యి పట్టి మెట్లెక్కిస్తాడు. కుర్చీ ఇస్తే వద్దంటాడు, శతరంజి మీదే కూచుంటాడు. సంతకం వంతు వచ్చినప్పుడు గీత కింద ఒక స్కేలు పెట్టి పట్టుకుంటాం. ఆయన ఎడమ చేత్తో స్కేలు అంచును తడుముకుని, దాని మీద కలాన్ని ఆనించి రాస్తాడు. పూసలు కొంచెం చెదిరినా గీత మీదే ఉంటాయి.

పోయిన శుక్రవారం స్కేలు పట్టుకునే వంతు ఆ కొత్త పిల్లవాడిది. ఏం సంగతులున్నాయని నేను అడిగాను, ఎవరి దగ్గరా ఏమీ లేవు. చాచా సంతకం చేసి కలం మూత పెడుతూ, వాడి దిక్కు చెవి తిప్పి, "నీ గొంతుకేమైంది బేటా? పోయిన వారం ఇట్ల లేకుండె" అన్నాడు. ఏం లేదు చాచా అన్నాడు వాడు. చాచా మళ్లీ అడగలేదు, వాడి మణికట్టు పట్టుకుని ఊరికే కూచున్నాడు. కాసేపటికి వాడే చెప్పాడు. పన్నెండు రోజుల కింద పని పోయింది. ఇంట్లో అమ్మకు చెప్పలేదు. రోజూ పొద్దున్నే బండి తీసుకుని బయల్దేరి, చార్మినార్ దిక్కు తిరిగి రాత్రికి వస్తున్నాడు.

ఆ రాత్రి చాయ్ రెండోసారి తెప్పించాం. మిఠాయి దుకాణం అన్న, పంతులుగారు వాణ్ని మధ్యలో కూచోబెట్టుకుని పదకొండు దాకా మాట్లాడారు. అందరూ పోయాక పుస్తకం ముందేసుకుని, తేదీ వేసి, కుడి పేజీలో ఎప్పుడూ రాసే ఆ ఒక్క మాటా రాసి తాళం వేశాను.